అనసూయ ఎత్తని చెయ్యి

లోకం ఊపిరిని కాపాడే బాధ్యత తలకెత్తుకున్న ఒక మహాసంస్థ ఉంది. దాని పాలక మండలి జెనీవాలో, నైరోబీలో, మనీలాలో, షోలాపూర్‌లోని తెలుగు నేతపనివాళ్ళ వాడ కుంఠా నాకాలో ఏకకాలంలో సమావేశమవుతుంది. మొదటి మూడు చోట్లా సభ్యులు బల్లల ముందు కూర్చుంటారు. నాలుగో చోట సభ్యురాలు గడప పక్కన గోడకానుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, బీడీలు చుడుతూ కూర్చుంటుంది. ఫోను తంబాకు డబ్బాకు ఆనించి ఉంటుంది. ఆ ఏర్పాటులో ముఖం కనబడుతుంది, చాట కనబడదు. సభామర్యాద అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఆ సభ్యురాలి పేరు అనసూయ. సంస్థ పేరు బ్రెత్ అండ్ బ్రెడ్ ఇంటర్నేషనల్. కుంఠా నాకా జనం ఆ పేరులో నోరు తిరిగిన ముక్క ఒకటి ఉంచుకుని మిగతాది వదిలేశారు. తమ వాడలో ఆ సంస్థ నడిపే ఊపిరితిత్తుల ఆసుపత్రి వాళ్ళ లెక్కన బ్రెడ్డోళ్ళ దవాఖాన. కొత్తలో ఇద్దరు ముసలమ్మలు సంచులు పట్టుకుని వచ్చి, బ్రెడ్డు ఎప్పుడు పంచుతారో అడిగి, జవాబు నచ్చక వెళ్ళిపోయారు. తర్వాత తర్వాత దగ్గు వచ్చినప్పుడు మళ్ళీ వచ్చారు. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకి దగ్గు రాకపోతేనే ఇంట్లో అనుమానిస్తారు.

అనసూయ పాలక మండలిలోకి వచ్చిన వైనం చరిత్రకెక్కదగినది. ఒక ఏడు జెనీవా పెద్దలకు నాయకత్వం మట్టిలోంచి మొలవాలి అనిపించింది. మొలిపించడానికి ఒక నియమం పెట్టుకున్నారు. సంస్థ పనిచేసే ప్రతి చోటి నుంచీ ఒకరు మండలిలో ఉండాలి. ఆ మనిషి చెయ్యి లేవకుండా ఆ చోటి గురించి చేసే ఏ తీర్మానమూ చెల్లదు. ఈ నియమం పెట్టుకున్న రోజు వాళ్ళు చాలాసేపు చప్పట్లు కొట్టుకున్నారు.

కుంఠా నాకాలో పెద్దలు కూడారు. పవర్‌లూమ్ కార్ఖానా యజమాని నరసయ్య శేట్ అధ్యక్షత వహించాడు. దవాఖాన నడిచేది ఆయన పాత షెడ్డులోనే కనుక, పదవి కూడా ఆయనకే రావాలని ఆయన అభిప్రాయం. ఇంకొందరికీ అలాంటి అభిప్రాయాలే ఉన్నాయి. అయితే ఈ పదవికి జీతం లేదని తెలియగానే సభలో ఒక అపూర్వమైన త్యాగబుద్ధి వ్యాపించింది. ఒకరిని మించి ఒకరు ఆ గౌరవాన్ని పక్కవాడికి వదిలారు. అది మగవాళ్ళందరినీ దాటి దొర్లి దొర్లి ఆడవాళ్ళు నిలబడ్డ వైపు వచ్చి ఆగింది.

"ఎవ్వలు పోకుంటె నేనే పోత," అన్నది అనసూయ. "ఆళ్ళేమన్న కరుస్తరా?"

కరవలేదు. కానీ మొదటి సమావేశంలోనే జెనీవాలో ఒక పెద్దాయన చెవుల మీది యంత్రం తీసి బల్ల మీద పెట్టాడు. తప్పు ఆయనది కాదు. మగ్గాల చప్పుడులో మాట నేర్చినవాళ్ళు గుసగుస కూడా వీధి చివరకి వినబడేలా చెబుతారు. అనసూయ నమస్కారం పెడితే నైరోబీలో కిటికీ అద్దాలు అదిరాయని తర్వాత ఎవరో అన్నారు. ఆనాటి నుంచి ఆమె గొంతు నొక్కే మీట ఒకటి జెనీవా వాళ్ళ చేతిలో ఉండేది. దాన్ని ఇవతల నుంచి విప్పే మీట ఎక్కడుందో అనసూయ రెండో సమావేశానికే కనిపెట్టింది.

ఒకసారి మండలి ఆమె వృత్తి గురించి చర్చించింది. ఊపిరితిత్తుల కోసం పాటుపడే సంస్థలో బీడీలు చుట్టే సభ్యురాలు ఉండవచ్చునా? మనీలా ఆయన దీన్ని 'ప్రయోజనాల సంఘర్షణ' అన్నాడు. ఇంగ్లీషులో జరిగే ఈ చర్చలన్నీ అనసూయకు అందించేది మయూరి. ఆమె అన్న కూతురు, దవాఖానలో నర్సు.

"అత్తా, నువ్వు బీడీలు సుట్టుడు తప్పంటున్రు."

"ఇంకో పని సూపియ్యమను. ఇయ్యాల్నే ఇడుస్త."

చర్చ అంతటితో ముగిసింది. ఇంకో పని గురించి మండలి మళ్ళీ మాట్లాడలేదు.

మిగతా రోజుల్లో అనసూయ మచ్చలేని సభ్యురాలు. తీర్మానం వచ్చేది, మయూరి "అత్తా, చెయ్యెత్తు" అనేది, అనసూయ ఎత్తేది. నైరోబీ ఆఫీసు గోడలకు రంగు వేయడానికీ, ఎవరో తెలియని ఆడిటరు గారి పదవీ విరమణకు పూలగుచ్ఛం పంపడానికీ కుంఠా నాకా చెయ్యి లేచింది. వాళ్ళ గోడకు వాళ్ళు రంగేసుకుంటే వద్దనడానికి ఆమెకేం పగ?

ఆ చెయ్యి మీద ఉన్న నమ్మకంతోనే తుషార్ ఆమె ఇంటికి వచ్చాడు.

తుషార్ పుణె కుర్రవాడు, సంస్థకు షోలాపూర్ అధికారి. మంచివాడే. గడప దగ్గర బూట్లు విప్పి, పరిచిన చద్దరు మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ మొత్తం తాగి, ఆ తర్వాతే మరాఠీలో అక్కా అని పిలిచి శుభవార్త చెప్పాడు.

"తాయీ, మన సెంటర్ గ్రాడ్యుయేట్ అవుతోంది."

"అంటె?"

"అంటే పాసైంది. ఇక్కడి పని పూర్తయింది. రిపోర్టులో దగ్గులు బాగా తగ్గాయి. ఇప్పుడు మీ జనం తమ కాళ్ళ మీద తామే నిలబడగలరు."

దగ్గులు తగ్గాయని రిపోర్టు చెప్పిన మాట నిజమే. దగ్గేవాళ్ళు ఆ రిపోర్టు చదవలేదు. లోపలి గదిలో అనసూయ మొగుడు పాండురంగ్ దగ్గుతున్నాడు. నలభై ఏళ్ళు టవళ్ళు నేసిన నూగు ఆయన రొమ్ములో గూడు కట్టుకుని ఉంది. రోజూ పొద్దున షెడ్డు దాకా నడిచి, దవాఖానలో ఊపిరి మిషన్ మూతికి పెట్టుకుంటే ఆ పూట మనిషవుతాడు. పెద్దాసుపత్రికి పోవాలంటే రెండు ఆటోలు, ఒక రోజు. ఆ వాడలో ఒక రోజు పని పోగొట్టుకుని ఊపిరి పీల్చేంత విలాసం ఎవరికీ లేదు.

"బంద్ జేస్తున్రా?" అన్నది అనసూయ.

"బంద్ కాదు తాయీ, గ్రాడ్యు..."

"తలుపుకు తాళం పడ్తదా లేదా, గది చెప్పు."

తుషార్ ఖాళీ కప్పులోకి చూశాడు. "పడుతుంది."

తర్వాత కార్యక్రమం వివరించాడు. మండలి అధ్యక్షురాలు ఇంగ్రిడ్ మేడం స్వయంగా జెనీవా నుంచి వస్తుంది. షెడ్డు ముందు సభ. గోడ మీద పెద్ద తెరలో మిగతా దేశాల సభ్యులు. జనం ఎదుటే తీర్మానం, అనసూయ చెయ్యెత్తడం, ఫోటో. అంతవరకూ ఈ సంగతి బయటకి పొక్కకూడదు. ఆఖరున ఇక్కడి ఆచారం ప్రకారం వీడ్కోలు.

"మా పుణెలో ఇంటికొచ్చిన ఆడమనిషి వెళ్ళేటప్పుడు ఓటీ నింపుతాం. మీలోనూ ఉందట కదా, ఒడిబియ్యం. మేడంకి అది పోద్దాం. చాలా అందంగా ఉంటుంది."

అనసూయ చేతిలో చుడుతున్న ఆకు ఆగింది.

"తుషారూ, సక్కగ ఇను. మీ ఓటీ ఎవ్వలకన్న నింపుతరు. మా ఒడిబియ్యం ఆడిబిడ్డకే పోస్తం. అత్తగారింటికి పొయ్యి మల్ల పుట్టింటికి వచ్చే బిడ్డకు. మల్ల రానోళ్ళకు మేం బియ్యం పోసేది ఒక్కతాన్నే. నోట్లె. పాడె మీద."

తుషార్ ముఖం కొంచెం పాలిపోయింది. కానీ బ్యానరు అచ్చుకి వెళ్ళిపోయి ఉంది. అచ్చుకి వెళ్ళిన బ్యానరును ఆపగల శక్తి ఈ దేశంలో ఏ అధికారికీ లేదు. "ఊరికే గుర్తుగా తాయీ, సింబాలిక్," అని లేచి బూట్లు వేసుకున్నాడు.

రెండు రోజుల్లో కుంఠా నాకా మూల మీద బ్యానరు లేచింది. ఇంగ్రిడ్ మేడం ముఖం, కింద మరాఠీలో, తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో 'ఒడిబియ్యం మహోత్సవం'. మూసివేత ఊసు ఏ భాషలోనూ లేదు. వాడంతా చదివింది. చదివి, తనకు తెలిసిన ఒకే ఒక్క అర్థం చేసుకుంది.

మొదట వచ్చింది పక్కింటి సావిత్రి. కొంగులో ఎండుకొబ్బరి కుడుకలు, మొహం నిండా నవ్వు.

"వదినే! దవాఖాన పోతదంట పోతదంట అని పుకారు లేపిన్రు గాదు, ఆళ్ళ నోట్లె మన్నువడ! ఆమెను ఆడిబిడ్డను జేసుకుంటున్నమట గద. ఇగ యాడికి పోతది? యేడాదికి ఒక్కపారన్న రావాల్సిందే. ఖర్జూర పండ్లు ఎవ్వలు తెస్తున్రు? నేను తేవాల్నా?"

అనసూయ నోరు తెరిచింది. పొక్కించనని తుషార్‌కు మాట ఇవ్వలేదు, నిజమే. కానీ ఆ నవ్వు ముఖం మీద నిజం విసరడానికి ఆమెకు చెయ్యి రాలేదు. "తే," అని మాత్రం అన్నది.

ఆ పూట నుంచి బియ్యం కదిలాయి. ఒడిబియ్యానికి ఏ ఇంటి పిడికిళ్ళు ఆ ఇంటివే. అరువు తెచ్చి పోయరు. ఇంటింటా పసుపు కలిపి ఆరబెట్టారు. అశోక్ చౌక్ అవతల ఉన్న చుట్టాలు కూడా కబురు విని, మాకూ బిడ్డే కదా అని గిన్నెలు పట్టుకుని బయల్దేరారు. మగవాళ్ళు మగ్గాల చప్పుడు మీదుగా చేతుల సైగలతో ఈ సంబరం మాట్లాడుకున్నారు. ఒక వాడ మొత్తం ఒక తప్పు మీద ఇంత నిష్ఠగా పనిచేయడం షోలాపూర్ ఎన్నికలప్పుడు తప్ప చూడలేదు.

పాండురంగ్‌కు మాత్రం అనసూయ అసలు సంగతి చెప్పింది. ఆయన మంచం మీద కూర్చుని, ఊపిరి దొరికిన చోటల్లా ఒక్కో ముక్క అన్నాడు.

"ఎత్తుతవా... చెయ్యి?"

"ఎత్తకుంటె నన్ను తీసేస్తరు."

"ఎత్తితె?"

"ఎత్తితె నిన్ను తీసేస్తరు."

పాండురంగ్ కొంచెం ఆలోచించాడు. "నా కోసం... చెయ్యొద్దు. నా కోసం జేసినవంటె... జల్మంత... ఎత్తిపొడుస్తవు."

"ఎత్తిపొడువనీకె నువ్వు ఉండాలె గద!" అని అనసూయ చాట ఒళ్ళోకి లాక్కుంది.

సభ రోజున నరసయ్య శేట్ పూనికగా మగ్గాలు ఆపించాడు. చప్పుడు ఆగేసరికి వాడకు చెవులు గుయ్యిమన్నాయి. శేట్ పట్టంచు ధోతీ కట్టి ముందు వరసలో కూర్చున్నాడు. షెడ్డు ఖాళీ అయితే అందులో కొత్త మగ్గాలు దించవచ్చునన్న సంగతి ఆయనకు ఒక్కడికే శుభవార్తగా చేరింది.

ఇంగ్రిడ్ మేడం పొడుగ్గా, నెరిసిన పొట్టి జుట్టుతో, ప్యాంటూ చొక్కాతో వచ్చింది. ఒడిబియ్యం పోయాలంటే ఒడి కావాలి. ప్యాంటుకు ఒడి ఉండదు. ఈ శాస్త్ర సంకటాన్ని ఆడవాళ్ళు తేలిగ్గా తేల్చేశారు. నెమలి బొమ్మల షోలాపూర్ చద్దరు ఒకటి ఆమె నడుముకు చుట్టి, ముందు కొసలు రెండూ ఆమె రెండు చేతులకు అప్పజెప్పారు. మయూరి చెప్పింది: "గట్టిగా పట్టుకోండి. ఒక్క గింజ కింద పడకూడదు."

పోయడం మొదలైంది. సావిత్రి పోసింది, సావిత్రి అత్త పోసింది, వీధి పోసింది. కుడుకలు, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, రవికెగుడ్డలు. ఇంగ్రిడ్ మేడం మొదట నవ్వింది, తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టింది, తర్వాత నడుము వెనక్కి వంచి నిండు గర్భిణిలా నిలబడింది. తెర మీద నైరోబీ, మనీలా చప్పట్లు కొట్టాయి.

తుషార్ మైకు అందుకుని ఇంగ్లీషులో తీర్మానం చదివాడు. "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

తెర మీద మూడు ఖండాల చేతులు లేచాయి. ఇంగ్రిడ్ మేడం చేతుల్లో వాడంత బియ్యం ఉంది. ఆమె లేని చెయ్యి కోసం వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. అనసూయ లేచి నిలబడింది. చేతులు రెండూ నడుముకు పెట్టుకుంది. తుషార్ మైకు ఇవ్వబోతే వద్దంది. ఆ గొంతుకు మైకు అవమానం.

"ఇనుండ్రి! ఇప్పుడు ఇంగ్లీషుల సదివింది ఏందో తెలుసునా? మన దవాఖాన బంద్ జేస్తమని సదివిన్రు. నన్ను చెయ్యెత్తమంటున్రు. మీరు బిడ్డను జేసుకునేటందుకు వచ్చిన్రు. ఆళ్ళు తాళం ఏసేటందుకు వచ్చిన్రు. నేను చెయ్యెత్తను. ఎత్తనంటె ఎత్తను!"



"అనసూయా," అన్నాడు నరసయ్య శేట్, "పెద్దోళ్ళ ముంగట గిట్లనేనా మాట్లాడేది? ఇజ్జత్ పోతది."

"శేట్, నీకు షెడ్డు గావాలె. సీదా చెప్పు. ఇజ్జత్ను నడుమ గుంజకు."

వెనక వరసల్లో నవ్వు లేచింది. శేట్ ధోతీ సర్దుకున్నాడు.

ఏమంటోందని ఇంగ్రిడ్ మేడం అడిగింది. తుషార్ మయూరి చెవిలో "సారాంశం చెప్పు చాలు" అన్నాడు. తాళం పడితే మయూరి ఉద్యోగం పోతుంది. నోరు జారితే తాళం పడకపోయినా పోతుంది. మయూరి ఒక్క క్షణం తుషార్‌ను చూసి, తన నౌకరీలో మొదటిసారి సారాంశం చెప్పలేదు. శేట్ గారి షెడ్డుతో సహా అంతా చెప్పింది.

ఇంగ్రిడ్ మేడం తెలివితక్కువది కాదు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుని, నెమ్మదిగా మాట్లాడింది. మయూరి తెలుగు చేసింది: "డబ్బు తక్కువైంది. ఇంతకన్నా అవసరమున్న దేశాలున్నాయి. మీ కోపంతో అది మారదు."

"పైసలు లెవ్వంటె లెవ్వని చెప్పు బాయీ, కూసోని మాట్లాడుకుందం. సగం దినాలు తెరుద్దం. మందులకు ఇంటింటికి తిరిగి అడుగుదం. శేట్‌ను కిరాయి ఇడిసిపెట్టమందం. గని గెలిచినమని ఎందుకు చెప్తవు? దగ్గేటోని మెడల దండ ఏసి, నీ దగ్గు తగ్గిందిరా అంటవా? మమ్మల్ని పాస్ చేసిన్రట. ఎవ్వలడిగిన్రు? మమ్మల్ని ఫెయిలే ఉండనీ! ఇదే తరగతిల ఇంకో పదేండ్లు కూసుంటం!"

ఈసారి నవ్వు కాదు, ఈలలు. ఆ మాట తన గురించే అని గుర్తుపట్టినట్టు పాండురంగ్ గట్టిగా, సాక్ష్యంలాగా దగ్గాడు.

ఇంగ్రిడ్ మేడం కిందికి, తన ఒడిలోకి చూసింది. "ఈ బియ్యాన్ని నేనేం చెయ్యాలి?"

"అయిదు పిడికిళ్ళు పుట్టింటికి ఇయ్యి. మిగిలినయి వండి, నలుగురికి పెట్టి, నువ్వు తిను. మల్ల రా."

"కింద పెట్టేస్తే?"

మయూరి ఈ మాట తెలుగు చేయడానికి కొంచెం తడబడింది. ఆడవాళ్ళందరూ చద్దరు కింద చేతులు పట్టబోయారు. అనసూయ మాత్రం గొంతు తగ్గించింది. వాడ ఎప్పుడూ వినని గొంతు అది.

"ఏం గాదు. ఎవ్వలు నిన్ను ఒక్క మాట అనరు. నువ్వు మా బిడ్డవు గావు, గంతే."

నెమలి చద్దరు కొసలు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. తెర మీద మూడు ఖండాల చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించమని ఎవరూ చెప్పలేదు. మనీలా ఆయన ఎత్తిన చేతిని రెండో చేత్తో ఆనించుకున్నాడు. తుషార్ బియ్యం అందుకుందామని ముందుకు వచ్చాడు. ఇంగ్రిడ్ మేడం తల అడ్డంగా ఊపి, రోగులు కూర్చునే బల్ల మీద ఒడి ఒలకకుండా మెల్లగా కూర్చుంది.

"స్థానిక సభ్యురాలి చెయ్యి లేవలేదు," అన్నది. "తీర్మానం వీగిపోయింది. చేతులు దించండి."

మయూరి ఆ మాటను అనసూయ మేనకోడలిననిపించుకునే గొంతుతో తెలుగు చేసింది.

విమానంలో అంత బియ్యం పోనివ్వరు కనుక, వంట షెడ్డు ముందే జరిగింది. పుట్టింటి అయిదు పిడికిళ్ళు సావిత్రి కొంగున కట్టుకుంది. పచ్చటి అన్నం బంతుల మీద బంతులు తిన్నారు. కిరాయి గురించి వాడంతా వినేలా అడిగారు కనుక, నరసయ్య శేట్ ఆ బంతిలోనే సగం వదిలేశాడు. రెండోసారి వడ్డించుకుంటూ, మిగతా సగం గురించి మళ్ళీ చూద్దామన్నాడు. దవాఖాన వారానికి మూడు రోజులకు తగ్గింది. మూడు రోజులూ తెరుస్తున్నారు. పాండురంగ్‌కు మిగతా రోజుల కోసం చిన్న ఊపిరి మిషన్ ఒకటి ఇంటికిచ్చారు. అది పక్కిళ్ళకు కూడా తిరుగుతుంది.

మండలిలో కొందరికి ఇది నచ్చలేదు. ఒక్క చెయ్యి ఒక మహాసంస్థను ఆపడం పరిపాలనా సూత్రాలకు విరుద్ధమని మనీలా ఆయన దీర్ఘంగా మాట్లాడాడు. అసలా నియమాన్నే కుంఠా నాకాకు వర్తించకుండా సవరించాలని తర్వాతి సమావేశంలో ప్రతిపాదన పెట్టాడు. అధ్యక్షురాలి స్థానంలో ఉన్న ఇంగ్రిడ్ మేడం దాన్ని శ్రద్ధగా విన్నది. ఇది కుంఠా నాకాకు సంబంధించిన తీర్మానమే కనుక, నియమం ప్రకారం కుంఠా నాకా చెయ్యి కూడా లేవాలని గంభీరంగా గుర్తు చేసింది.

మయూరి చెప్పింది. అనసూయ తంబాకు డబ్బాను కొంచెం వెనక్కి జరిపింది. ఆ రోజు మొట్టమొదటిసారిగా జెనీవాకు, నైరోబీకి, మనీలాకు చాట కనబడింది. అందులో రెండు చేతులు తీరిక లేకుండా బీడీలు చుడుతున్నాయి.

అందరూ ఆ చేతుల వంక చాలాసేపు చూశారు.

"కానియ్యుండ్రి," అన్నది అనసూయ. "తరువాతి ముచ్చట ఏంది?"